డి డ్రైవ్‌ని వెనక్కి తోసిన ఆదివారం

ఆ రోజుల్లో మా ఇంట్లో జాగా ఒక్కటే తక్కువ, కోపం మాత్రం మనిషికి సరిపడా ఉండేది. (ఆ రోజుల్లో అంటే ఏ పాతకాలమో అనుకోకండి, ఆరేళ్ల కిందట. ముప్పై నిండనివాడు జ్ఞాపకాలు రాసినా ఇలాగే మొదలుపెట్టాలట.) కలకత్తా పక్కన లిలువాలో రైల్వే క్వార్టరు, ఒకటిన్నర గది. అందులో అమ్మ, నాన్న, నేను, ముగ్గురికీ కలిపి ఒక కంప్యూటరు. నాన్న వర్క్‌షాపులో బోగీలు బాగుచేసే ఫిట్టరు. ఏటా మా తెలుగు సంఘం వేసే నాటకం కూడా ఆయనే రాసేవాడు.

ఆ వేసవికి నాన్న నాతో మాట్లాడటం మానేసి ఎనిమిది నెలలైంది. కారకులం ఇద్దరం: నేను, స్టేషను రోడ్డులో కంప్యూటర్లు బాగుచేసే ఒక దాదా. ఆ దాదాకి తెలిసిన మందు ఒక్కటే. "ఫార్మాట్ కొర్తే హోబే," అనేవాడు. అంటే ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాలని. కంప్యూటరు నెమ్మదిస్తే ఫార్మాట్, వైరస్ పడితే ఫార్మాట్, కీబోర్డు మీద టీ ఒలికినా ముందు ఫార్మాట్, తర్వాత గుడ్డ. నాన్న రెండు వేళ్లతో ఏడాదిపాటు కొట్టిన నాటకం డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ మీదున్నదంతా సి డ్రైవ్‌లోనే ఉంటుందని నాకు తెలుసు, దాదాకి ఇంకా బాగా తెలుసు, కంప్యూటరు నెమ్మదించిందని నేను మోసుకెళ్లిన పూట ఇద్దరికీ గుర్తు రాలేదు. ఇంటికి తెచ్చి ఆన్ చేస్తే నాన్న ఆ శుభ్రమైన తెరను చాలాసేపు చూసి, "నీ కొడుక్కి సెప్పు, ఇంక నాతో మాటాడొద్దని," అని అమ్మతో అన్నాడు. నేను రెండడుగుల దూరంలోనే ఉన్నాను.

తర్వాత నాటకం మొత్తం గుర్తు తెచ్చుకుని మళ్లీ కొట్టాడు, ఈసారి డి డ్రైవ్‌లో. "డి నాది, సి వాడిది," అని పంపకం కూడా చేసేశాడు. పెద్ద వాటా డి. నాటకం అందులో ఓ మూలన పడుకుని ఉండేది, మిగతాదంతా మైదానం. నా సి మాత్రం నిండిపోయి ఎర్రగీత చూపిస్తోంది, కాలేజీ ప్రాజెక్టుకి కావలసినదేదీ ఎక్కడం లేదు. "అయితే ఆ దాదా దగ్గరికే ఎల్లు," అంది అమ్మ. ఆ మాటతో నాకు ఒళ్లు మండింది. ఏదీ తుడవకుండా, ఏదీ మళ్లీ ఎక్కించకుండా, సికి డికి మధ్య గోడ ఒక్కటీ జరిపి చూపిస్తానన్నాను. ముందు నాటకం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీస్తానని అమ్మ ద్వారా అడిగించాను.

"వీల్లేదని సెప్పు," అన్నాడు నాన్న. నాటకం ఆడేదాకా మొత్తం ప్రతి ఎవరి చేతికీ వెళ్లకూడదని ఆయన నియమం. నటులకి కూడా ఎవరి మాటలు వాళ్లకే చేత్తో రాసిచ్చేవాడు. ఒక ఏడు ఎవరో మొత్తం జెరాక్సు తీయిస్తే, పక్క ఊరి సంఘంవాళ్లు అందులోని జోకులన్నీ మాకంటే ముందే వేసేశారట. "వద్దంటే మానేయమను, నాకేం భయం," అన్నాను నేనూ కోపంగా. ఇంతకన్నా తెలివితక్కువ పని నా జీవితంలో ఇంకోటి ఉంది, అదీ ఆ ఆదివారమే చేశాను.

ఆదివారం పొద్దున్న నాన్న చేపలకి వెళ్లగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. డి తగ్గించాను, ఖాళీ వచ్చింది. సి పెంచబోతే ఆ బటన్ బూడిదరంగులో ఉండి నొక్కడం లేదు. తెరని తిడుతుండగా నాన్న సంచీతో వచ్చాడు.

"ఏటి సేస్తన్నాడు వాడు?" అని అమ్మనడిగాడు.

"డి తగ్గించాను, జాగా వచ్చింది, సి తీసుకోవడం లేదని చెప్పు," అన్నాను.

"ఇన్నారు కదా, మళ్లీ నాను సెప్పాలా?" అంది అమ్మ.

నాన్న నా వెనక నిలబడి తెర మీద వరసగా ఉన్న మూడు డబ్బాలు చూశాడు. సి, తర్వాత డి, చివర ఖాళీ.

"ఓరి ఎదవా," అన్నాడు. "ఖాళీ బోగీ తోకకి తగిలించీసి ఇంజను పక్కకి రమ్మంటే ఎలగొస్తది? మద్దిన డి ఉంది కదరా. ముందు దాన్ని ఎనక్కి తొయ్యాల."

అమ్మ చేప చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది. "మాటాడీసినారు," అంది.

"తిట్టినాను. మాటాడలేదు," అన్నాడు నాన్న.

డిని మొత్తంగా వెనక్కి జరిపే సాఫ్ట్‌వేరు వేరే ఉంది. దించుకుని, మొదలుపెట్టే బటన్ నొక్కాను. మధ్యలో కరెంటు పోతే డిలో ఉన్నదంతా పోవచ్చన్న హెచ్చరిక నొక్కకముందు చదవాల్సింది, నొక్కాక చదివాను. (రెండో తెలివితక్కువ పని.) పైకి చదవక తప్పలేదు.

"మళ్లీనా," అన్నాడు నాన్న. కోపంగా అనలేదు. అందుకే భయమేసింది.

మా క్వార్టరులో ఫ్యాను, ఫ్రిజ్జు, మిక్సీ కలిస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది. నాన్న అన్నీ ఆపేసి, మిక్సీ వైరు చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ఆవాలు రోట్లో నూరుతూ ఇద్దర్నీ కలిపి తిట్టింది. చెమట కారుతుంటే తెర మీద పెరిగే శాతం అంకెలు చూస్తూ కూర్చున్నాం.

నలభై దగ్గర నాన్న అన్నాడు, "ఈ నాటకంలో ఓ కొడుకు పాత్ర ఉంది. ఏ పనీ పూర్తిగా సెయ్యడు, కోపం మాత్రం పూర్తిగా ఉంటది."

"ఎవర్ని చూసి రాశావు?"

"కల్పితం."

మధ్యాహ్నం దాటాక వంద అయింది, ఖాళీ సి పక్కకి వచ్చింది. నాన్న నాటకం తెరిచి, మొదటి పేజీ వదిలేసి నేరుగా ఆఖరి పేజీకి వెళ్లాడు. చివరి మాట ఉంది. ఫ్యాను వేసి, మిక్సీ అమ్మకిచ్చి, నా వైపు చూడకుండా అన్నాడు, "నీ కొడుక్కి సెప్పు, కాపీ తీసుకోమని."

ఇప్పుడు నా లాప్‌టాప్‌లో జాగాకి లోటు లేదు. ఆ నాటకం నాలుగు చోట్ల దాచాను, ఎవరూ అడగకపోయినా. ఆ ఏడు కొడుకు పాత్ర నాన్న నాకే ఇచ్చాడు, నా మాటలు మాత్రమే చేత్తో రాసి. అప్పట్లో తెలుగు కూడబలుక్కుని చదివే నేను ఆ కోపమంతా ఒక్క తప్పు లేకుండా ఎలా పలికానని అందరూ ఆశ్చర్యపోయారు. ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది. పాపం, ఎనిమిది నెలలు రిహార్సల్ చేశాడు.