బావ చెప్పిన జర సేపు

తాండూరులో మా బావ తన పప్పు దుకాణం ముందు నన్ను నిలబెట్టి, "జర సేపాగు బామ్మర్దీ, స్టేషన్ల దింపుత" అన్నాడు. కొనేవాళ్లు తగ్గేసరికి వికారాబాద్ వెళ్లే రైలు వెళ్లిపోయింది. అక్కడి ఇంటర్వ్యూకు అందుకోలేక నాకు రావలసిన ఉద్యోగం పోయింది. అది నేను మరిచిపోలేదు.

ఈమధ్య లోజ్బాన్ అనే కృత్రిమ భాష నేర్చుకుంటున్నాను. అందులో గంట అనే మాటకు కూడా, అది ఏ కొలమానం ప్రకారమో చెప్పడానికి వాక్యంలో ఒక చోటుంటుంది.

మొన్న బావను అడిగాను. "ఆ దినం జర సేపంటివి. ఎవరి లెక్కల?"

"గిరాకీ లెక్కల. దుకాణంల ఇంకేం లెక్కుంటది? ఇంకా గదే పట్టుకున్నవా?"

ఆయన అబద్ధమాడలేదని ఒప్పుకున్నాను. కానీ ఆ లెక్క అప్పుడే చెప్పి ఉంటే ఆటో ఎక్కేవాణ్ని. బావ క్షమాపణ ఇంకా చెప్పలేదు.