దొంగలు పడిన ఇల్లు, గండి పడిన కాలువ

ఆ గదిలో ఉన్నవి: రెండు కంప్యూటర్లు, వాటి మధ్య ఒక ప్లైవుడ్ అడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్ వైపు తెరుచుకునే కిటికీ, చప్పుడు చేసే ఫ్యాను. ఉన్నవాళ్లు: నేను, బల్కంపేట నుంచి వచ్చే నా జోడీ ఉద్యోగి, వారానికోసారి పైఅంతస్తు నుంచి దిగే మేడమ్.

డెబ్బై ఏళ్ల కిందటి తెలుగు పత్రికల్లో వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్ కోసం పని చేసేవాళ్లం. ఆ వానాకాలం మాకిచ్చిన మాట ‘పడు’. ఒకే వార్తను ఇద్దరం విడివిడిగా చదివి, అక్కడ ఆ మాట అర్థమేమిటో ఒక గడిలో వేయాలి. గడులు ఐదు: కిందికి రావడం, ఒకచోటికి రావడం, కొత్తగా ఏర్పడటం, నష్టం, ఆగిపోవడం. పని మధ్యలో మాట్లాడుకోకూడదు.

వాన పడింది, ధర పడింది అంటే మొదటి గడి. సభ వాయిదా పడితే చివరిది. వాటితో పేచీ లేదు. ఊరికి రోడ్డు పడిందంటే ఇద్దరికీ ఒకటే. ఇంట్లో దొంగలు పడ్డారంటే మాత్రం నేను ‘ఒకచోటికి రావడం’ అనేవాణ్ని, అతను ‘నష్టం’ అనేవాడు. కాలువకు గండి పడినా, ఊరి మీద పన్ను పడినా నాకు కొత్తగా ఏర్పడినట్టే ఉండేది. అతనికి మళ్లీ నష్టమే.

“మీ ఇద్దరికీ అస్సలు పడట్లేదేంటి?” అంది మేడమ్ లెక్క చూసి.

“మాకు మస్తు పడ్తది మేడమ్. మా గడులకే పడ్తలేదు,” అన్నాడు అతను.

ఆమె నవ్వలేదు. అతను ఉర్దూ మీడియంలో చదివాడు కాబట్టి తప్పు అటువైపే ఉంటుందని ఆమె నమ్మకం. చివరి వంద వార్తల్లో కలిసినవి తొంభైకి తగ్గితే అతని చోట ఇంకొకరిని తెస్తానని చెప్పి వెళ్లింది.

సాయంత్రం కింద చాయ్ తాగుతూ అతనన్నాడు: “గీ నౌకరి పోతే మళ్ల మామూ మొబైల్ దుకాణంల కూసోవాలె. ఫోన్లకు గ్లాసులు అతికించుకుంట.”

“దొంగలు పడుడు నష్టం ఎట్లయితది? వాళ్లు వచ్చిండ్లు, అంతే కద,” అన్నాను.

“నువ్వు దొంగను చూస్తున్నవ్ భాయ్. నేను ఇంటోళ్లను చూస్తున్న.”

“మరి గండి? నీళ్లకు కొత్త దారి పడ్డట్టే.”

“పొలం నీది కాదు గద. అందుకే గట్ల కనవడ్తుంది.”

ఎస్.ఆర్. నగర్ హాస్టల్‌కు నడిచి వెళ్లాను. సన్నగా వాన. పైన మెట్రో వెళ్తుంటే స్తంభాలు తడి రోడ్డు మీద ఊగుతున్నట్టు కనిపించాయి. పగలు చదివిన ఏదో పాత వార్తలోని వానే, ఇంత ఆలస్యంగా, అమీర్‌పేటలో కోచింగ్ బోర్డుల మీద పడుతున్నట్టు అనిపించింది. సిగ్నల్ పడింది. అది ఏ గడి అని ఆలోచిస్తూ దారికి అడ్డంగా నిలబడిపోయాను. “అన్నా, జర జరుగు,” అన్నారెవరో.

చివరి వంద వార్తలు వచ్చాయి. పన్నెండో దాంట్లో దొంగలు పడ్డారు. ‘ఒకచోటికి రావడం’ దగ్గర నా చెయ్యి ఆగింది. ఆ ఇంటివాళ్లు పొద్దున్నే ఖాళీ అల్మారా ముందు నిలబడి ఉన్నారు. వాళ్ల వెనక ఎక్కడో మొబైల్ దుకాణం కూడా కనిపించింది. ‘నష్టం’ నొక్కాను. గండి దగ్గర నీళ్లు కాక మునిగిన నారు కనిపించింది. మళ్లీ ‘నష్టం’ నొక్కాను. ప్లైవుడ్ అవతల అతని మౌస్ చప్పుడు ఆగి ఆగి వినిపించింది.

మేడమ్ కాగితం తెచ్చి మా మధ్య పెట్టింది. కలవని చోటల్లా నేను అతని గడి వేశాను. అతను నాది వేశాడు.

“కలుస్తదని నీ లెక్కనే వేసిన భాయ్,” అన్నాడు మెల్లగా.

మేడమ్ కింది వరుస చదివింది. మొత్తం వార్తలు వంద. కలవనివి తొమ్మిది. కలిసినవి తొంభై ఒకటి.