ఎవరూ ఉప్పు చూడని కిచిడీ

ఆ రోజుల్లో చదువంటే మార్కులేనని ఊరంతా ఒప్పుకున్నా మా బడి మాత్రం ఒప్పుకోలేదు. పాతబస్తీలో ఎత్తైన రాతిగోడల వెనక ఉండే క్రైస్తవ మగపిల్లల బడి అది. అక్కడ లెక్కలూ సైన్సూ చెప్పేవారు, కాదనను. కానీ వాటితోపాటు గుండీలు కుట్టుకోవడం, వంకాయ మొక్కలకు పాదులు తీయడం, బ్యాండులో డ్రమ్ము కొట్టడం, పదిమంది ముందు వణక్కుండా మాట్లాడటం (నేను చివరిదాకా వణికాను), వంతులవారీగా మరుగుదొడ్లు కడగడం కూడా నేర్పేవారు. మా ప్రిన్సిపాల్‌ని అందరం పెద్ద ఫాదర్ అనేవాళ్లం. తెల్లటి అంగీ, పొట్టి మనిషి, పుస్తకాల్లోంచి ఊడిపడ్డట్టుండే తెలుగు. "తల ఒక్కటే బడికి వచ్చిన ఏమి లాభము? చేతులు, హృదయము కూడా రావలెను కదా!" అని ప్రతి సోమవారం ప్రార్థనలో అనేవారు. మేం చేతులూ హృదయమూ తెచ్చేవాళ్లమే, అప్పుడప్పుడు తలే ఇంట్లో మర్చిపోయేవాళ్లం.

ఇదంతా మా బాపుకు నచ్చేది కాదు. మాది కిషన్‌బాగ్‌లో తరాలుగా గుడి సేవ చేసుకునే కుటుంబం. తాతయ్య పూజారి. బాపు పొద్దున గుడిలో, పగలు సర్కారు దఫ్తరులో. పెద్దనాన్న కొడుకును ఊరిబయట ఎక్కడో కోచింగు బడిలో వేశారు. వాడు తెల్లవారుజామునే లేచి లెక్కలు చేస్తాడట, పండక్కి కూడా ఇంటికి రాడట. అది విన్నప్పటినుంచి బాపుకు నన్ను చూస్తే గుబులు. నేను తొమ్మిదో తరగతి ముగించబోతున్న సమయంలో ఒకరోజు, చొక్కా గుండీ నేనే కుట్టుకుంటూ ఆయన కంటబడ్డాను. "దర్జీ పని నేర్పనీకి ఫీజు కడ్తున్ననారా నేను? చదువు తప్ప అన్ని నేర్పుతున్నరు. ఇగ చాలు. బడి పండుగకు పిలిచిండ్రు గద, గప్పుడే వచ్చి ఫాదర్‌తోని మాట్లాడి టీసీ తీసుకుంట" అన్నారు. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. ఆ కోచింగు బడిలో బ్యాండు లేదు, వంకాయ మొక్కలు లేవు, అన్నిటికన్నా ముఖ్యంగా ఊదు, ఆమెన్ లేరు.

వీళ్లిద్దరూ నా ప్రాణస్నేహితులు. ఊదు బార్కస్ నుంచి వచ్చేవాడు. వాళ్లింట్లో వేసే అగరు ధూపం వాడి యూనిఫాంలోంచి మధ్యాహ్నందాకా గుబాళిస్తూ ఉండేది కాబట్టి ఆ పేరు. ఆమెన్ ఆస్పత్రి కాంపౌండరుగారి అబ్బాయి. మాస్టారు ఏం చెప్పినా, చివరికి పరీక్ష వాయిదా పడిందని చెప్పినా, వెనక బెంచీలోంచి చిన్నగా "ఆమెన్" అనేవాడు.

బాపు చెప్పిన బడి పండుగ ఏమిటంటే, ఏటా తొమ్మిదో తరగతి పిల్లలు ముగ్గురేసి గుంపులుగా వండి తమ తండ్రులకు వడ్డించాలి. (అమ్మల్ని ఎందుకు పిలవరని ఎవరో అడిగితే, "వారికి వంట ఎంత కష్టమో తెలియును. తెలియవలసినది మీ తండ్రులకే" అన్నారు పెద్ద ఫాదర్.) దానికి ఒకటే నియమం: ముగ్గురి ఇళ్లవాళ్లూ తినగలిగేదే వండాలి. ఆ ఏడు రంజాన్ నెలా, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాస కాలమూ ఒకేసారి వచ్చాయి. అందుకని ఎప్పుడూ మధ్యాహ్నం జరిగే విందును పెద్ద ఫాదర్ సాయంత్రం ఇఫ్తార్ వేళకు మార్చారు.

మేం కిచిడీ, అందులోకి పుల్లటి ఖట్టా వండుదామనుకున్నాం. అసలు కిచిడీ అంటే ఊదు వాళ్లింటిదే. కానీ మా బాపు ఉల్లిగడ్డ ముట్టరు. "ఉల్లిగడ్డ లేకుంటే గది కిచిడీ ఎట్లయితది రా?" అని ఊదు గుండె బాదుకున్నాడు. తర్వాత వాడే ఆలోచించి, "పర్వా నై. నీ బాపు తినాలె, గంతే. జీలకర్ర జాస్తి వేద్దాం" అన్నాడు. గుడి ప్రసాదాలు వండే ఇంటివాణ్ని కాబట్టి ఉప్పు కారాల పెత్తనం నాకిచ్చారు. ఈ వంట బాగా కుదిరితే బాపు మనసు కరుగుతుందని నా ఆశ. అది వాళ్లిద్దరికీ చెప్పాను కూడా. టీసీ మాట వినగానే ఆమెన్ మొదటిసారి ఆమెన్ అనలేదు.

మైదానంలో గాడిపొయ్యిలు తవ్వి, కట్టెలు పెట్టి, కళ్లు మండిపోతుంటే ఊదుతూ మొత్తానికి కిచిడీ ఉడికించాం. చింతపండు పులుసులో నువ్వులు నూరి వేసి ఖట్టా కలిపాం. ఇప్పుడు ఉప్పు. మా ఇంట్లో దేవుడికి వండేది రుచి చూడరు, వాసన కూడా పీల్చరు. అమ్మ చెయ్యి కొలతకు ఉప్పు ఎప్పుడూ తప్పేది కాదు. ఆ చెయ్యి నాకూ వచ్చిందని నా నమ్మకం. (రాలేదు.) వేశాను. వేశాక అనుమానం వచ్చింది. ఊదు రోజా ఉపవాసంలో ఉన్నాడు. ఆమెన్ వాళ్లమ్మ మొక్కు ప్రకారం పొద్దుగూకేదాకా ఏమీ ముట్టడు. ముగ్గురిలో ఉపవాసం లేనివాణ్ని నేనొక్కణ్నే. గరిటెతో కాస్త ఖట్టా నోటిదాకా తెచ్చాను. ఎదురుగా ఊదు ఎండిన పెదాలు తడుపుకోవడానికి కూడా లేక, నాకు ఇబ్బంది కాకూడదని మొహం అటు తిప్పుకున్నాడు. ఆమెన్ మంట సర్దుతున్నట్టు వంగున్నాడు గానీ మంట సరిగ్గానే ఉంది. గరిటె మళ్లీ గిన్నెలో పెట్టేశాను. పక్క గుంపు వాళ్లను పిలిచి ఉప్పు చూడమనడానికి నామోషీ. "సరిపోయింది" అని ప్రకటించి విస్తళ్లు తేవడానికి వెళ్లాను.

నేను అటు వెళ్లగానే ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది. పూజారి ఇంట్లో చప్పిడి తింటారని ఊదుకు ఒక నమ్మకం. పైగా నా టీసీ వాడికి గుండెల్లో గుచ్చుకుంటోంది. బిస్మిల్లా అని ఒక గుప్పెడు వేశాడు. వాడు నీళ్లకు వెళ్లాక ఆమెన్‌కు, పాపం, ఇద్దరూ ఉప్పు మర్చిపోయారేమో అనిపించింది. కళ్లు మూసుకుని, ప్రార్థన చేసి, వాడొక గుప్పెడు. కిచిడీలోనూ, ఖట్టాలోనూ.

ఇఫ్తార్ సైరన్ మోగింది. తండ్రులు చాపల మీద వరసగా కూర్చున్నారు. మా బాపు వస్తూనే పెద్ద ఫాదర్‌తో, "తిన్నంక మీతోని ఒక మాట ఉన్నది ఫాదర్" అనడం నేను విన్నాను. బాపుకు ఒకపక్క ఊదు అబ్బాజాన్, ఆజానుబాహువు. మరోపక్క కాంపౌండరుగారు. అబ్బాజాన్ ఖర్జూరం తిని, నీళ్లు తాగి, కిచిడీలో ఖట్టా కలుపుకుని మొదటి ముద్ద పెట్టుకున్నారు. దవడ ఒక్క క్షణం ఆగిపోయింది. పక్కన పూజారి ఇంటి పెద్దమనిషి, ఆయన కొడుకు వండిన వంట. "మాషా అల్లా! బహుత్ ఖూబ్" అన్నారు. కాంపౌండరుగారు కళ్లనీళ్లు తుడుచుకుంటూ "దేవునికి స్తోత్రం, పిల్లలు ఎంత ప్రేమగా వండిండ్రు" అన్నారు. మా బాపు ఒక ముద్ద తిని నావైపు చూశారు. అటు చూశారు, ఇటు చూశారు. ఇద్దరూ ఆనందంగా తింటున్నారు. ఆ పిల్లల కష్టాన్ని తను తప్పుపడితే వాళ్ల తండ్రులు నొచ్చుకుంటారు కదా. గొంతు సవరించుకుని, "మస్తున్నది" అన్నారు. ఆ ఒక్క మాటకు ఊదు పొంగిపోయి ముగ్గురికీ మారు వడ్డించాడు. వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. నేనైతే టీసీ గండం గడిచిపోయిందనే అనుకున్నాను.

ఆ తర్వాత మేం కూర్చున్నాం. మొదటి ముద్దకే ఊదు లేచి నల్లా దగ్గరకు పరిగెత్తాడు. "అరే నమక్ కిత్నా డాలా రే?" అని నన్నడిగాడు, ఉప్పెంత వేశావని. "సరిపోయేంతే వేసిన" అన్నాను. "మై భీ డాలా!" అన్నాడు ఊదు. ఆమెన్ విస్తట్లోకి చూస్తూ, "నేను గూడ" అన్నాడు. అప్పుడే వచ్చిన పెద్ద ఫాదర్ ఒక ముద్ద నోట్లో వేసుకుని, మింగి, చాలాసేపు కళ్లు మూసుకున్నారు. "రుచి ఎవరు చూసినారు?" మా మొహాలు చూసి, సంగతి అర్థమై, ఆ పొట్టి మనిషి అంగీ పట్టుకుని చాప మీద కూలబడి నవ్వారు. తండ్రులు ముగ్గురూ ఒకరి విస్తరి ఒకరు చూసుకుని, అప్పటిదాకా ఆపుకున్న నవ్వు ఆపుకోలేకపోయారు. నవ్వు తగ్గాక పెద్ద ఫాదర్ బాపును అడిగారు: "ఏదో మాట అంటిరి?" బాపు, "ముందుగాల నీళ్లు తాపుండ్రి ఫాదర్. మాట మళ్ల చూద్దాం" అన్నారు.

ఇంటికి వచ్చేటప్పుడు స్కూటర్ రెండుచోట్ల ఆపి సోడా తాగారు. రెండో సోడా దగ్గర అడిగారు. "వాళ్లిద్దరు ఉపాసం ఉన్నరు, సరే. నీకేం రోగం? జరంత నాల్క మీద వేసుకుంటే పోయేది గద?"

"వాళ్లు ఆకలితోని చూస్తుంటే నేనెట్ల తినాలె బాపు?"

బాపు సోడా సీసా దుకాణం బల్ల మీద పెట్టారు. స్కూటర్ స్టార్ట్ చేశారు. మా గల్లీ మలుపులో, ముందుకే చూస్తూ, "పదోది గూడ గీ బళ్లెనే చదువు. ఇది నేర్పే బడి ఇంకోటి నాకు తెల్వదు" అన్నారు. ఆయన నడుమును గట్టిగా పట్టుకున్నాను. ఉప్పు వల్ల కాదుగానీ నా కళ్లు మండాయి.

పదో తరగతిలో నా మార్కులు చూసి బాపు ఆ మాట వెనక్కి తీసుకోవాలనుకున్నారేమో తెలియదు, అనలేదు మాత్రం. ఇప్పుడు నాకూ ఒక ఆఫీసు, ఒక కుర్చీ, కాస్త బొజ్జ. మొన్న రంజాన్‌లో మీటింగు జరుగుతుంటే ఎదుటి కుర్చీలోని కుర్రాడికి చెబుతూ చెబుతూ సమోసా సగం తినేశాను. అతని పెదాలు ఎండిపోయి ఉండటం అప్పుడు చూశాను. ఆపేస్తే, "తినుండ్రి సార్, ఫికర్ లేదు" అన్నాడు నవ్వుతూ. ఫికర్ అతనికి లేదు, నిజమే. మిగతా సగం కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాను. పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ ఆ పిల్లాడు నాకంటే ఎక్కువ చదువుకున్నాడు, ఏం చేస్తాం.