సిలిండర్లు లేని పెట్టె

అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో, మా ఇంటి గరాజ్ వెనక గోడ దగ్గర వర్క్‌బెంచ్ ఉంది. దాని కింద తాళం వేసే ఉక్కు బీరువాలో అప్పట్లో ఒక పెట్టె ఉండేది. పెట్టెలో ఒక రివాల్వర్, దానికి మూడు బ్యారెళ్ళు, మూడు సిలిండర్లు. తూటా సైజు మార్చాలంటే ఇంకో తుపాకి కొనక్కర్లేదు. బ్యారెల్ మొన దగ్గరి నట్టు విప్పి, గొట్టం తిప్పి బయటికి తీసి, ఇంకో గొట్టం బిగించాలి. తూటాలు కూర్చునే గుండ్రటి సిలిండర్‌ని కూడా తీసేసి, ఆ గొట్టానికి తగ్గది పెట్టాలి. రెండింటి మధ్యా ఒక పల్చటి రేకు పట్టేంత సందు వదలాలి. సందు ఎక్కువైతే మంట పక్కలకి చిమ్ముతుంది. తక్కువైతే సిలిండర్ తిరగదు. ఆ రేకు సందులో జారుతూ, కాస్త పట్టినట్టు వేళ్ళకి తగిలేదే, ఆ తృప్తిని నేను ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

నేను మెకానికల్ ఇంజనీర్ని. పాతికేళ్ళ పైగా మందుల ఫ్యాక్టరీలో మాత్రలు కొట్టే యంత్రాలతో బతికాను. మాత్ర సైజు మారినప్పుడల్లా యంత్రం అదే, అచ్చులు మాత్రం వేరు. అందుకే కాబోలు, మా ప్రాజెక్ట్ మేనేజర్ ఒకసారి షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళి ఈ రకం రివాల్వర్ విప్పి చూపించినప్పుడు పాత చుట్టాన్ని చూసినట్టనిపించింది. ఆయన అమెరికన్, నాకన్నా కాస్త పెద్దవాడు. రిటైరయ్యాక పక్క కౌంటీలో పెద్ద స్థలం కొనుక్కుని ఉంటున్నాడు. ఆయన సలహాతోనే నేనూ ఒకటి కొన్నాను.

"ఇంట్లో తుపాకి ఎందుకండీ?" అంది మా ఆవిడ.

"తుపాకి అనుకోకు, మెషీన్ అనుకో."

"అనుకుంటే అయిపోతుందా?" అంది కానీ ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. ఆమె మందుల షాపులో ఫార్మసిస్టు. శనివారం పొద్దున ఆమె డ్యూటీకి వెళ్తే నేను రేంజ్‌కి వెళ్ళేవాణ్ణి. అలా చాలా ఏళ్ళు గడిచాయి.

తర్వాత మా ప్లాంట్‌ని ఇంకో కంపెనీ కొనడం, మా డిపార్ట్‌మెంట్ మొత్తాన్ని తీసేయడం ఒకే చలికాలంలో జరిగాయి. రిటైర్‌మెంట్ ఇంకా దూరంగానే ఉంది. మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే వయసు మాత్రం దాటిపోయింది.

మొదట్లో బాగానే ఉన్నాను. గరాజ్ సర్దాను. ఇంటి చూరు గట్టర్లు శుభ్రం చేశాను. బాగానే ఉన్న కుళాయిలకి వాషర్లు మార్చాను. ఆ పనులు అయిపోయాక కాలు ఒకచోట నిలిచేది కాదు. కారు తీసుకుని బయల్దేరేవాణ్ణి. ఏదో షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో ఇంజన్ ఆపకుండా కాసేపు కూర్చుని తిరిగొచ్చేసేవాణ్ణి. చెట్ల మధ్య గ్రీన్‌వే అనే నడకదారి ఉంది, దాని మీద నడవడానికి వెళ్తే సగం దారిలో ఇంట్లో ఏదో మరిచిపోయినట్టు అనిపించేది. ఇంటికొస్తే మళ్ళీ బయటే ఏదో మరిచిపోయినట్టుండేది. టీవీ పెట్టేవాణ్ణి, కట్టేసేవాణ్ణి. అన్నం ముందు కూర్చుంటే రెండు ముద్దలకే లేవబుద్ధేసేది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని నాకే తెలుస్తుండేది. ఎందుకో మాత్రం తెలిసేది కాదు.

కుదురుగా కూర్చోగలిగింది ఒక్క వర్క్‌బెంచ్ దగ్గరే. మా ఆవిడ పనికి వెళ్ళగానే బీరువా తాళం తీసి పెట్టె పైకి పెట్టేవాణ్ణి. సన్న బ్యారెల్ విప్పి లావుది బిగించేవాణ్ణి. రేకు పెట్టి సందు చూసేవాణ్ణి. మళ్ళీ విప్పి నడిమిది. రేంజ్‌కి వెళ్ళడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు. మా పాత మేనేజర్ మెసేజ్ పెడితే "ఈ వారం కుదరదు" అనేవాణ్ణి. నాకు అడ్డమొచ్చే పనేమీ లేదు.

కార్ల మీద పైన్ చెట్ల పుప్పొడి పచ్చగా పేరుకునే రోజులవి. ఒక పొద్దున పెట్టె మూత తీశాను. రివాల్వర్ ఫ్రేమ్ ఉంది. మూడు బ్యారెళ్ళూ ఉన్నాయి. సిలిండర్లు ఉండాల్సిన మూడు గుంటలూ ఖాళీ.

ముందు బెంచీ మీద వెతికాను. తర్వాత సొరుగులన్నీ లాగి కింద పోశాను. కారు సీట్ల కింద, పాత టూల్ బ్యాగ్‌లో, చివరికి చెత్తబుట్టలో కూడా చూశాను. దొంగ అనుకుందామంటే, తుపాకిని వదిలేసి సిలిండర్లు మాత్రం పట్టుకుపోయే దొంగ ఎవడుంటాడు? బీరువా తాళం చెక్కు చెదరలేదు. నా మతి మీదే నాకు అనుమానం మొదలైంది. ఎప్పుడో రేంజ్‌లో మరిచిపోయి ఉంటానని మా పాత మేనేజర్‌కి ఫోన్ చేశాను.

"నా దగ్గరే ఉన్నాయి" అన్నాడాయన. "మీ ఆవిడ తెచ్చి ఇచ్చింది. నువ్వు అడిగితే అబద్ధం చెప్పొద్దంది."

ఫోన్ పెట్టేసి కారెక్కాను. దారంతా ఒళ్ళు మండిపోతూనే ఉంది. నా వస్తువుని నాకు చెప్పకుండా బయటివాడి చేతిలో పెట్టిందని కోపం. నన్ను అంత చేతగానివాణ్ణి చేసిందని అంతకన్నా కోపం. వెళ్ళేసరికి ఆయన వరండాలో నా కోసమే నిలబడి ఉన్నాడు.

"ఇచ్చెయ్" అన్నాను.

"ఇస్తాను. మీ ఇద్దరూ కలిసి వచ్చిన రోజు ఇస్తాను."

"అది నాది. నీకేం హక్కుంది?"

"ఏ హక్కూ లేదు" అన్నాడు. "పోలీసుల్ని పిలుస్తావా, పిలువు. నువ్వు ఏ కాస్తయినా తిన్నావా పొద్దున్నుంచి?"

ఆయన లోపలికెళ్ళి కాఫీ, బ్రెడ్డు తెచ్చి మెట్ల మీద పెట్టాడు. తాగకుండానే వచ్చేశాను. ఇంటికి రాకుండా ఊరంతా తిరిగాను. ఒకే సిగ్నల్ దగ్గరికి మళ్ళీ మళ్ళీ వచ్చాను.

మా ఆవిడ అప్పటికే ఇంట్లో ఉంది. ఆయన ఫోన్ చేసి ఉంటాడు, పని మధ్యలో వచ్చేసింది. డ్యూటీ కోటు ఇంకా తీయలేదు. గరాజ్‌లో నేను కిందపోసిన మేకులు, స్క్రూలు ఏరుతోంది.

"నువ్వేనా తీసింది?" అన్నాను, తెలిసి కూడా.

"నేనే."

"ఎందుకు?"

"భయమేసిందండీ."

"దొంగలొస్తారనా?"

ఆమె లేచి నిలబడింది. "మీరంటే" అంది. "మీరేం చేసుకుంటారోనని."

నవ్వబోయాను. నవ్వు రాలేదు. "పిచ్చా నీకు? ఊరికే క్లీన్ చేసుకుంటున్నాను."

"రేంజ్‌కి వెళ్ళడం మానేశారు. పెట్టె మాత్రం రోజూ తీస్తున్నారు. నిన్న క్లీన్ చేసిందే ఇవాళ మళ్ళీ చేస్తున్నారు. బిల్స్ ఎలా కట్టాలో నన్ను పక్కన కూర్చోబెట్టి నేర్పారు. ఎప్పుడైనా నేర్పారా ఇన్నేళ్ళలో? అమ్మాయికి ఫోన్ చేసి ఇన్సూరెన్స్ సంగతులన్నీ చెప్పారట. అది ట్రైన్‌లోంచి ఏడుస్తూ నాకు ఫోన్ చేసింది."

మా అమ్మాయి నేపర్‌విల్‌లో ఉండి రోజూ షికాగో వెళ్ళి పనిచేస్తుంది. దానికి ఫోన్ చేసిన సంగతి గుర్తుంది. అది ఏడ్చిందన్న సంగతి నాకు తెలియదు.

"జాబ్ పోయింది కదా, అన్నీ ఒక దారిలో పెడుతున్నాను. అంతే."

"అంతేనా?" అంది.

అంతే అని చెప్పాలి. ఒక్క మాట. నోరు తెరిచాను గానీ అది బయటికి రాలేదు. పొద్దున్నే లేచి ఈ రోజుని ఎలా దాటాలిరా అనుకోవడం గుర్తొచ్చింది. నేను లేకపోతే ఈ ఇల్లు ఎలా నడుస్తుందో పూసగుచ్చినట్టు ఆలోచించడం గుర్తొచ్చింది. ఇంజనీర్ని కదా, ముందుచూపు అనుకున్నాను. ఆ ముందుచూపు ఎటు నడుస్తోందో ఎప్పుడూ చూడలేదు.

"నాకు తెలియదు" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. అరచేతిలో ఇంకా ఏదో స్క్రూ ఉండి నాకు గుచ్చుకుంది. "రేపు అపాయింట్‌మెంట్ ఉంది. నేను డ్రైవ్ చేస్తాను."

"ఎప్పుడు బుక్ చేశావు?"

"సిలిండర్లు ఇచ్చొచ్చిన రోజే."

డాక్టరుకి మా అమ్మాయి వయసే ఉంటుంది. దగ్గు వస్తోందా అని అడిగినంత మామూలుగా, చచ్చిపోవాలని అనిపిస్తోందా అని అడిగింది. అప్పటిదాకా అంత నేరుగా ఎవరూ అడగకపోవడం వల్లే కాబోలు, కొన్ని పొద్దుటిపూటలు అనిపిస్తోందని నేనూ నేరుగా చెప్పాను. పక్క కుర్చీలో మా ఆవిడ తల దించుకుంది. బయటికొచ్చాక కారు దగ్గర చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన నిలబడి తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ ఉండిపోయాను.

అటునుంచి ఇంటికెళ్ళి పెట్టె తీసుకుని, ఇద్దరం కలిసి మా పాత మేనేజర్ ఇంటికి వెళ్ళాం. ఆయన సిలిండర్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. మాట ప్రకారం ఇస్తున్నట్టే. నేను ఫ్రేమ్‌నీ, బ్యారెళ్ళనీ వాటి పక్కన పెట్టి, "అన్నీ నీ దగ్గరే ఉంచు" అన్నాను. ఆయన ఏమీ అడగకుండా తన సేఫ్‌లో పెట్టి తాళం వేశాడు. ఈసారి కాఫీ తాగాం.

మందులు పనిచేయడానికి చాలా టైమ్ పట్టింది. ముందు నిద్ర వచ్చింది, తర్వాత ఆకలి. కుదురు మాత్రం పూర్తిగా రాలేదు, వస్తుందని కూడా అనుకోను. అమ్మాయి సాయంత్రం ట్రైన్‌లోంచి ఫోన్ చేస్తుంది. "నాన్నా, టుడే ఎలా ఉన్నావు? రియల్‌గా చెప్పు" అంటుంది. కొన్నిసార్లు బాగున్నానంటాను. కొన్నిసార్లు బాగోలేదంటాను. బాగోలేదన్న రోజు అది ఫోన్ పెట్టదు. ట్రైన్ దిగి కారు దాకా నడిచి, ఇంటికి డ్రైవ్ చేసేదాకా ఆఫీసు కబుర్లు చెబుతూనే ఉంటుంది.

ఈమధ్య కమ్యూనిటీ కాలేజీలో వారానికి రెండు రోజులు మెషీన్ షాప్ క్లాసు చెబుతున్నాను. మిగతా రోజుల్లో గరాజ్‌లోకి వెళ్తే మా ఆవిడ కూడా ఏదో పని కల్పించుకుని వస్తుంది. వచ్చింది నన్ను కనిపెట్టుకుని ఉండడానికేనని ఇద్దరికీ తెలుసు. మొన్న ఆదివారం వర్క్‌బెంచ్ మీద చిక్కుడుకాయలు పోసి కూర్చుంది. నేనూ స్టూలు లాక్కుని ఈనెలు తీశాను. సగంలో లేచి బయటికి వెళ్ళి ఒక చుట్టు తిరిగొచ్చాను. తిరిగొచ్చేసరికి నా వంతు కాయలు అలాగే వదిలేసి ఉంచింది.