ఇనుము లేని కళ్లెం

మా నాన్న గుంటూరు స్టేషన్ దగ్గర జట్కా తోలేవాడు. ఆటోలు పెరిగి బేరాలు తగ్గాక బండి అమ్మేశాడు గానీ గుర్రాన్ని అమ్మడానికి మనసొప్పలేదు. ప్రకాశం జిల్లాలో నాకు టీచరు ఉద్యోగం వచ్చినప్పుడు, ఆ గోధుమరంగు ఆడగుర్రంతో సహా నా వెంట వచ్చేశాడు. తొంభైల చివరి మాట.

మేం అద్దెకున్న ఊరి నుంచి బడి ఉన్న పల్లెకు నాలుగు కిలోమీటర్లు. దారికి అటూ ఇటూ పత్తి, మిరప. వాన పడితే నల్లమట్టి నా మోపెడ్ చక్రాలకు చుట్టుకుని అడుగు కదలనిచ్చేది కాదు. బడికి నేనొక్కదాన్నే టీచర్ని. నేను వెళ్లకపోతే తాళం తీసేవాళ్లు లేరు.

"గుర్రమెక్కి పో అమ్మాయ్. చిన్నప్పుడు ఎక్కినదానివే కదా" అన్నాడు నాన్న.

ఎక్కాను. కానీ పొద్దున్నే కళ్లెం వేయడమే పెద్ద యుద్ధం. కళ్లెంలో నోటికి పెట్టే ఇనుము చూడగానే గుర్రం పళ్లు బిగించి, తల చూరు దాకా ఎత్తేది. పొగరనుకున్నాం. ఒకరోజు వాగు దగ్గర అది అదుపు తప్పుతోందని పగ్గాలు గట్టిగా గుంజాను. ముందుకాళ్లు లేపింది. మిరపచేలో పడ్డాను. మోచెయ్యి దులుపుకుంటూ లేచి చూస్తే, దాని నోటి నురగలో నెత్తురు.

పశువుల డాక్టరుగారు దాని పెదవి మెల్లగా పక్కకు తీసి చూపించారు. నోటి మూలల్లో పాత పుళ్లు మానిన మచ్చలు, వాటి మీద కొత్త పుండు.

"ఇక దీని నోట్లో ఇనుము పెట్టకండి" అన్నారు.

"ఇనుము లేకుండా గుర్రం ఎట్టా ఆగుద్దండీ?" అన్నాడు నాన్న.

"ముక్కు మీద పట్టీతో ఆగుతుంది. పగ్గాలు ఆ పట్టీకే కట్టాలి" అని మందుల చీటీ వెనక బొమ్మ గీసిచ్చారు.

దారంతా నాన్న గుర్రం మెడ నిమురుతూ నడిచాడు. ఇల్లు చేరాక, "ఒక్కనాడూ కొరడాతో కొట్టలేదు దీన్ని" అన్నాడు. ఆ గొంతు విని, పడిపోయినందుకు నాకున్న కోపం పోయింది.

ఆ ఊళ్లో చెప్పులు, ఎద్దుల మెడ పట్టెడలు కుట్టే పెద్దాయన ఉండేవాడు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేదీ ఆయనే. గుర్రం సామాను ఎప్పుడూ కుట్టలేదు. చీటీ చూసి పక్కన పెట్టి, గుర్రం ముక్కును పైనుంచి కిందకు వేళ్లతో తడిమాడు.

"టీచరమ్మా, మీ ముక్కు మీద వేలెట్టి చూసుకోండి. పైన ఎముక, కింద మెత్తన. మెత్తన నొక్కితే గాలాడదు. దీనికీ అంతే గదా."

అయినా మొదటిరోజు పట్టీ కిందకే జారింది. గుర్రం బుసలు కొట్టింది. రెండోరోజు బాగా పైకి కడితే చెంప ఎముకకు ఒరుసుకుంది. వదులు చేస్తే, పగ్గం లాగినప్పుడు చెంప మీది పట్టీ తిరిగి కంటి దగ్గరకు వచ్చింది. ఆయన విసుక్కోలేదు. ప్రతిసారీ విప్పి, తోలుకు ఆముదం రాసి, లోపల మెత్తటి గొంగడి ముక్క వేసి కుట్టాడు. మూడోరోజుకు పట్టీ చెంప ఎముకకు రెండు వేళ్ల కింద, గట్టి ఎముక మీద కుదురుగా నిలిచింది.

అప్పటిదాకా దూరంగా నిలబడ్డ నాన్న దగ్గరికొచ్చాడు. దవడ కింద రెండు వేళ్లు దూర్చి చూశాడు.

"ఇక్కడ బిగువుగా ఉందయ్యా. మేత నమలాలి గదా. ఇంకో బెజ్జం పొడువు."

పెద్దాయన పొడిచాడు. నాన్న పిడికెడు గడ్డి అందించాడు. గుర్రం పట్టీతోనే నమిలి, తల దించి, నాన్న భుజానికి ఆనించింది. నాన్న ఇంకో పిడికెడు గడ్డి తీశాడు.

బీడులో రెండు రోజులు నడిపి చూసి, సోమవారం బడికి బయలుదేరాను. వాగు దగ్గర పత్తి కుక్కిన పెద్ద గోనె బోరేలతో ట్రాక్టరు ఎదురొచ్చింది. గుర్రం బెదిరింది. పగ్గం కొంచెం పట్టి, వెంటనే వదిలాను. వణుకుతూనే ఆగింది.

"ఏందమ్మో, నోట్లో ఏం లేకుండానే ఆగిందే!" అని డ్రైవరు అరిచాడు.

సాయంత్రం ఆ మాట చెప్పి దణ్ణం పెడితే, పెద్దాయన నవ్వాడు. "నాకెందుకమ్మా దణ్ణాలు. ఎక్కడ నొప్పో అదే చెప్పింది, నేను కుట్టాను."

ఆ మనిషికి నేనెంత రుణపడ్డానో అప్పట్లో పూర్తిగా తెలియలేదు. మేం అన్నేళ్లు బాధపెట్టిన ప్రాణి, కొన్ని వారాలకే, పట్టీ చూపిస్తే తనే వచ్చి ముక్కు దూర్చడం మొదలుపెట్టింది. ఆ దారికి కంకర పడేదాకా ఐదు వానాకాలాలు నన్ను మోసింది. వాన వల్ల మా బడి ఒక్కరోజు కూడా మూతపడలేదు.