ఇంటి నుంచి నేనే పట్టుకెళ్లిన గ్లాసు

ఆ ఆదివారం చర్చిలో పాట రెండో చరణం దగ్గర నా గొంతు ఆగిపోయింది. మూడు వారాలుగా దగ్గు ఉంది. ఆ రోజు మాత్రం చేతిరుమాలు మీద నెత్తురు కనిపించింది. మర్నాడే ఉదయగిరిలో బస్సెక్కి ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్లాను. ఎక్స్‌రే తీశారు, కఫం తీసుకుని స్పుటమ్ టెస్ట్ చేశారు. టీబీ అన్నారు.

"ఒక్కరోజు కూడా టాబ్లెట్లు మానకూడదు. నేను చెప్పేదాకా మాస్క్ పెట్టుకోండి. ఇది గాలి వల్ల వస్తుంది, గ్లాసుల వల్ల, కంచాల వల్ల కాదు" అని డాక్టరమ్మ చెప్పారు.

అన్నీ పాటించాను. మా పాపను దగ్గరికి కూడా తీసుకోలేదు. మందులు మొదలైన మూడో వారంలో కళ్లు పచ్చబడ్డాయి, వాంతులు. మందుల ప్రభావం లివర్ మీద పడిందని వాటిని ఆపి, మార్చి మళ్లీ మొదలుపెట్టారు. మూడో నెలకి స్పుటమ్ నెగటివ్ వచ్చింది. "ఇక మీ నుంచి ఎవరికీ రాదు. చర్చికి వెళ్లి పాడుకోండి" అన్నారు డాక్టరమ్మ నవ్వుతూ.

వెళ్లాను. నెలకోసారి సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల రోజు, ఆ రసం పోసే చిన్న గ్లాసులను పదకొండేళ్లు కడిగి నింపింది నేనే. ఇప్పుడు ఆ పని వేరేవాళ్లకిచ్చేశారు. ఆ గ్లాసుల ట్రే నన్ను దాటి పక్కావిడ దగ్గరికి పోయింది. నాకు విడిగా స్టీలు గ్లాసు ఇచ్చారు.

"ఏమనుకోబాకమ్మా, పిల్లోళ్లుండారు గదా" అన్నాడు సంఘపెద్ద.

నేను "పర్లేదు" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పై నెల ఎవరూ అడక్కుండానే ఇంట్లోని స్టీలు గ్లాసు సంచిలో పెట్టుకుని వెళ్లాను, వాళ్లకి ఇబ్బంది ఎందుకని! కోర్సు పూర్తయ్యాక కూడా నా కంచం విడిగానే కడిగాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకునే పాపతో మాట్లాడాను. ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయి కానీ, నేను మురికిదాన్నని నేనే నమ్మేశాను. చర్చివాళ్లు నన్ను అంతదాకా తెచ్చారు.

ఒక ఆదివారం పక్కన కూర్చున్న మా అత్త ఆ గ్లాసు చూసింది.

"ఏంది అది? ఎవురు తెమ్మన్నారు?"

"ఎవరూ తెమ్మనలేదత్తా."

సంఘపెద్ద అందులో రసం పోయగానే అత్త లాక్కుని తాగేసింది. "దీని గ్లాసులో నేను తాగినాను. నన్ను గూడా యేరే కూకోబెడతావా? ట్రే ఇట్టా పట్టు" అంది, చర్చి అంతా వినపడేలా.

ట్రే నా ముందుకొచ్చింది. అందులోంచి చిన్న గ్లాసు తీసుకున్నాక గానీ నాకు కోపం రాలేదు. ఆరాధన అయ్యాక పెద్దాయన్ని ఆపి, పై నెల గ్లాసులు నేనే నింపుతానన్నాను.

"కమిటీని అడగాలమ్మా."

"నన్ను తీసేసేటప్పుడు ఏ కమిటీని అడిగినారు?"

ఇప్పుడు నేనే నింపుతున్నాను. ఒకరిద్దరు ఇంకా తీసుకోరు. అది వాళ్ల జబ్బు, నాది నయమైంది.

నాలాంటివాళ్లకి ఒక్కటే చెబుతాను. జాగ్రత్తలు ఎప్పటిదాకా అని డాక్టర్నే అడిగి, ఆ తేదీ చీటీ మీద రాయించుకుని వంటింట్లో అతికించుకోండి. ఆ రోజు రాగానే మీ కంచాన్ని ముందు మీరే అందరి కంచాల్లో కలిపేయండి. మా స్టీలు గ్లాసులో ఇప్పుడు పాప పాలు తాగుతోంది.