దొర్లిన పొరపాటు

ప్రభుత్వ ఆసుపత్రి కార్యాలయంలో చిత్తుప్రతులను శుద్ధంగా టైపు చేసే పెద్దాయనను అందరూ మక్కీగారనే పిలిచేవారు. ఉన్నదున్నట్టు మక్కీకి మక్కీ దించడంలో ఆయనకు సాటి లేరు. కామా జారదు, సున్నా పెరగదు, సొంత మాట ఒక్కటీ చేరదు. ముప్పై ఏళ్లుగా ఆయన గర్వమంతా అదే.

ఆ సంవత్సరం వార్డుల్లో పాత ట్యూబ్‌లైట్లు తీసి ఎల్‌ఈడీ దీపాలు బిగించడానికి టెండరు పిలిచారు. ఇంజనీరమ్మ చేతిరాతతో చిత్తు ఇచ్చింది. ఆయన టైపు చేశారు, ఆమె సంతకం పెట్టింది, ప్రకటన వెలువడింది. వారం తిరగకుండానే ఒక కాంట్రాక్టరు ఫిర్యాదు చేశాడు. టెండరులో ఒకే కంపెనీ దీపం అడిగారనీ, ఇంజనీరమ్మ ఆ కంపెనీకి అమ్ముడుపోయిందనీ దాని సారాంశం. కంపెనీ పేరు రాస్తే ‘లేదా దానికి సమానమైన’ అన్న మాట ఉండి తీరాలన్నది నిబంధన. ప్రకటనలో ఆ మాట లేదు. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకుంటే సస్పెన్షన్ తప్పదని పైఅధికారి ఆమెకు నోటీసిచ్చాడు.

మక్కీగారు సొరుగులోంచి చిత్తు తీసి చూసుకున్నారు. ఒక వరుస చివర ‘ఫలానా కంపెనీ దీపం’. దాని కింది వరుస ‘లేదా దానికి సమానమైన మరో దీపం’. ఆ కింద ‘బిగించవలెను’. టైపు మధ్యలో ఫోను మోగితే లేచి వెళ్లి, తిరిగొచ్చి, కన్ను రెండో ‘దీపం’ మీద వాలగా అక్కడినుంచి ఎత్తుకున్నారు. ఒక వరుస గల్లంతైంది. వాక్యం మాత్రం ఎక్కడా తడబడలేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

చిత్తు పట్టుకెళ్లి ఇంజనీరమ్మ ముందు పెట్టారు. ఆమె గల్లంతైన వరుస చదువుకుంది.

“సంతకం నాది కదా, బాబాయిగారూ. మీరు టైపు చేశాక చదవక్కర్లేదనుకున్నాను. ఆ తప్పు నాదే.”

“చదవక్కర్లేదనిపించింది నేనే కదమ్మా.”

“మీకు రిటైర్మెంటు ఆర్నెల్లే ఉంది. ఊరుకోండి. చిత్తు చించేయండి.”

ఆయన చించలేదు. ఇంటికి తెచ్చి భార్యకు చూపించారు. ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ వింది.

“దీనికింత మథనమెందుకండీ? జరిగింది రాసివ్వండి.”

“తప్పు ఒప్పుకునే ఉత్తరానికి నమూనా దొరకలేదోయ్. ఫైళ్లన్నీ తిరగేశాను.”

“ఇన్నేళ్లూ ఊళ్లోవాళ్ల మాటలన్నీ మోశారు. మీ మాట ఒక్కటి బరువైపోయిందా?”

మరునాడు పొద్దున్నే ఆయన కార్యాలయంలో కాగితం ముందు కూర్చున్నారు. పాత ఫైళ్లలో ప్రతి తప్పుకూ ఒకే వాక్యం ఉంది: ‘పొరపాటు దొర్లినది’. ఎవరూ దొర్లించకుండానే తనంతట తానే దొర్లుకుంటూ వచ్చినట్టు. అలవాటుగా ఆ మాటే రాసి ఆయన ఆగారు. అది నిలిస్తే తప్పు ఎవరిదీ కాదు. ఎవరిదీ కాని తప్పు చివరికి సంతకం పెట్టిన మనిషినే చేరుతుంది. ‘దొర్లినది’ కొట్టేసి ‘నేను చేశాను’ అని రాశారు. ఎలా చేశారో, ఎక్కడ కన్ను తప్పిందో వివరించి, చిత్తు జతపరిచారు.

పైఅధికారి ఉత్తరం రెండుసార్లు చదివాడు.

“ఎవరు చెప్పి రాయించారు?”

“ఎవరూ లేరండి. నేనే రాశాను.”

“సర్వీసు పుస్తకంలో మందలింపు పడుతుంది. తెలుసా?”

“తెలుసండి.”

అధికారి వరుసలను వేలితో పోల్చి చూసి, ఇంజనీరమ్మ మీది నోటీసు రద్దు చేశాడు. గడువు పొడిగిస్తూ సవరణ ప్రకటన ఇమ్మన్నాడు. ఆ మధ్యాహ్నమే మందలింపు ఉత్తర్వు చిత్తు టైపుకు వచ్చింది. దాన్ని మరొకరికి ఇద్దామని గుమాస్తా చెయ్యి చాచాడు. మక్కీగారు ఇవ్వలేదు. తన పేరున్న వరుస కింద స్కేలు ఆనించి, అక్షరం తప్పకుండా టైపు చేయడం మొదలుపెట్టారు.